ఎనిమిదేళ్ల మోచెయ్యి

"నేను మిషన్ చాలూ జేయలే మేడం. ప్లగ్గే పీకిన. పీకినంకనే చక్రాలు తుడ్సిన. మా అవ్వ తోడు."

భూమేశ్ ఈ మాట అనడం ఇది మూడోసారి. మూడుసార్లూ ఒకే మాట, ఒకే వరుస. అబద్ధం చెప్పేవాడు ప్రతిసారీ కొంచెం ఉప్పూ కారం కలుపుతాడు. ఇతను ఏమీ కలపడం లేదు.

గ్రౌండు గ్యాలరీ కింద ఉన్న స్టోర్ రూములో కూర్చున్నాం. ఏసీ చచ్చిపోవడంతో తలుపు తెరిచే పెట్టాం. భూమేశ్ ఆరడుగుల మనిషి. కోరుట్ల పక్క పల్లె. ఒంటిమీద నారింజరంగు కవరాల్. ఇక్కడ గల్ఫ్‌లో జెబెల్ అలీ శాండ్‌హాక్స్ బేస్‌బాల్ జట్టులో గ్రౌండు పనివాడు.

నా పేరు చాముండేశ్వరి. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున అబద్ధాలు పట్టుకోవడం నా ఉద్యోగం. పేరు వినగానే జనం సగం భయపడతారు కాబట్టి మిగతా సగానికే నేను కష్టపడాలి.

జరిగిందిది. నాలుగు రోజుల కిందట, ప్రాక్టీసు వేళ, వెస్ హార్లన్ అనే అమెరికన్ ఆటగాడు కుడి మోచెయ్యి పట్టుకుని కూలబడ్డాడు. ఇతను పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు. జట్టంతా అతని మోచేతి మీదే నిలబడి ఉంది. పక్కన ఒక బంతి పడి ఉంది. ఎదురుగా బంతులు విసిరే యంత్రం. దాని దగ్గర పనిచేసేది భూమేశ్. ఇంకేముంది, కథ అల్లేశారు. వీడు చూసుకోకుండా స్విచ్ వేశాడట, బంతి దూసుకొచ్చి దొరగారి మోచేతికి తగిలిందట.

హార్లన్‌ది మామూలు మోచెయ్యి కాదు. పాత జట్టుతో ఒప్పందం తీరిపోయి ఫ్రీ ఏజెంట్‌గా బజారులోకి వచ్చాడు. అంటే ఎవరు ఎక్కువిస్తే వాళ్ల వెంట పోవచ్చు. శాండ్‌హాక్స్ వాళ్లు పోటీపడి మరీ ఎనిమిదేళ్లకు రాసిచ్చారు. ఆడినా ఆడకపోయినా ప్రతి ఏడూ పూర్తి జీతం. ముప్పై మూడేళ్లవాడి చేతికి ఎనిమిదేళ్ల హామీ! మా పెదనాన్న పళ్లు పట్టి చూడకుండా ఎద్దును కూడా కొనేవాడు కాదు. రెండు నెలలు తిరక్కుండానే ఆ చెయ్యి మూలపడింది. ప్రమాదమని తేలితే ఆ ఎనిమిదేళ్లూ మా కంపెనీ కట్టాలి. అరిగిపోయిన చేతిలో లిగమెంటు దానంతటదే తెగిందని తేలితే జట్టు భరించాలి.

ఈ ఇద్దరి మధ్యా నలిగేవాడు భూమేశ్.

"సాయంత్రం వకీల్ ఆఫీసుల సంతకం వెట్టుమన్నరు మేడం. వెడితే ఖలాస్, టికెట్ కొనిచ్చి ఇంటికి తోలుతమన్నరు." అతని మొహంలో సంతోషం దాగలేదు. "మా దోస్త్ దేవేందర్ కోరుట్లల మెకానిక్ షాపుకు షట్టర్ గూడ వెట్టిచ్చిండు. ఇద్దరం గల్సి నడుపుతం."

నాకు ఒళ్లు మండింది. అతని మీద కాదు.

"భూమేశ్, ఆ కాగితంలో ఏముందో తెలుసా? నా నిర్లక్ష్యం వల్ల ఒక మనిషి చెయ్యి పోయిందని నువ్వే ఒప్పుకుంటున్నావు. దాని మీద సంతకం పెడితే నిన్ను పంపేది కోరుట్లకు కాదు. జైలుకు."

అతను కుడి మోచేతి కింద గోక్కోవడం మొదలుపెట్టాడు. అక్కడ చర్మం కింద గట్టిగా ఏదో తేలి కనిపించింది.

"అదేమిటి?"

"గిదా? అజ్మాన్‌ల స్టీలు పనికి వోయినప్పుడు గ్రైండర్ తునక జొచ్చింది. గట్లనే ఉన్నది. ఏం జేయది మేడం."

నేను బల్ల మీది బకెట్లోంచి ఒక బంతి తీసి అతనికి విసిరాను. అందుకుని, ఆలోచించకుండానే రెండు అరచేతుల మధ్యా పెట్టి గుండ్రంగా తిప్పసాగాడు.

"ఎందుకలా తిప్పుతున్నావు?"

"అలవాటైంది మేడం. కొత్త బంతి జారుతదని గీ ఒండు రాసుడు నా పనే. అంతట ఒక్క తీరు ఉండాలె. మొదట్ల మనూర్ల లెక్క ప్యాంటుకు రుద్దిన. కోచ్ సాబ్ ఉరికొచ్చి, 'యే క్రికెట్ నహీ హై' అని ఒక్కటే తిట్టుడు."

నిజమే. క్రికెట్లో బంతిని ఒక పక్క తొడకు రుద్ది మెరిపిస్తారు. బేస్‌బాల్‌లో మెరుపు పోవడానికే బురద పూస్తారు. ఈ సంగతి నాకు ఇంకో అరగంటలో ఎంత పనికొస్తుందో అప్పుడు తెలియదు.

"విను. క్లబ్బు వాళ్లు పిలిస్తే వెళ్లకు. మా ఆఫీసు బండి పంపిస్తాను. చాముండేశ్వరి పంపింది అని నా పేరు చెప్పినవాడి బండి తప్ప ఎవరి బండీ ఎక్కకు. సరేనా?"

"సరే మేడం."

తల ఎత్తేసరికి తలుపులో మనిషి. హార్లన్ డ్రైవర్ తౌసీఫ్, హార్లన్ ఏజెంట్ పెట్టిన మనిషి. సాబ్ కిట్ బ్యాగు కోసం వచ్చానని వచ్చీరాని తెలుగులో మర్యాదగా చెప్పి, మూలనున్న సంచి భుజాన వేసుకుని, సలాం చేసి వెళ్లిపోయాడు.

* * *

పిచ్చర్లు ప్రాక్టీసు చేసే చోటుకి వేణుగోపాలరావు నాకంటే ముందే చేరుకుని, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు ఒంగోలులో సర్కిల్ ఇన్‌స్పెక్టర్. ఇప్పుడు ఈ క్లబ్బుకు సెక్యూరిటీ మేనేజర్. పోయిన ఏడాది ఫ్రీ జోన్‌లో ఒక గోడౌన్ కాలిపోతే, అవతలి పక్షాన నిలబడి నన్ను చిత్తుగా ఓడించాడు. ఆ మంట నాలో ఇంకా ఆరలేదు.

"ఏమ్మా చాముండేశ్వరీ, పనివాడి చేత కన్నీళ్లు పెట్టించి కథ రాసుకున్నావా?"

"రాసుకున్నాను రావు గారూ. మీ కథకంటే నయంగానే ఉంది."

"నాది కథ కాదు. మనిషి పడిపోయిన పది నిమిషాల్లో యంత్రానికి నా చేత్తో సీలు వేశాను. బంతిని నా చేత్తో కవర్లో పెట్టాను. ఇంకెవడూ ముట్టుకోలేదు."

"అదే మీరు చేసిన మంచి పని. ఆ సీలు ఇప్పుడు విప్పండి."

కత్తితో టేపు కోశాడు. యంత్రంలో రెండు తెల్ల రబ్బరు చక్రాలు. ఆ రెండింటి సందున బంతి నలిగి దూసుకుపోతుంది. జేబురుమాలు తడిపి రెండు చక్రాలనూ చుట్టూ తుడిచాను. రుమాలు మల్లెపువ్వులా ఉంది.

"చూశారా? భూమేశ్ తుడిచినవి తుడిచినట్టే ఉన్నాయి."

"ఉంటే?"

"ఇప్పుడు మీ బంతి తియ్యండి."

కవర్లోని బంతిని నా కళ్ల ముందు ఆడించాడు. గోధుమరంగు ఒండు పూసిన మ్యాచ్ బంతి. యంత్రంలో వేసేవి ఇవి కావు. దానికి గుంటలు గుంటలున్న రబ్బరు బంతులు వేరే ఉంటాయి. అవి ఆ పక్కనే బుట్టలో ఉన్నాయి కూడా.

"బురద పూసిన బంతి ఈ తెల్ల చక్రాల మధ్య నుంచి అంత జోరుగా పోతే చార పడదా రావు గారూ?"

ఆయన మీసం కొంచెం కదిలింది.

"అంటే ఈ బంతి యంత్రంలోంచి రాలేదు. ఎవరో చేత్తో తెచ్చి పడేశారు. ఇంకా చూడండి. ఈ పక్క బురద ఉంది, ఆ పక్క తుడిచిపెట్టుకుపోయి నున్నగా మెరుస్తోంది."

"నేల మీద దొర్లింది."

"ఇక్కడ నేలంతా పచ్చ కార్పెట్టు. దొర్లితే చుట్టూ గీసుకుపోతుంది గానీ సరిగ్గా సగమే ఎందుకు మెరుస్తుంది? ఎవరో దీన్ని పట్టుకుని, ఏం చేద్దామా అని ఆలోచిస్తూ, తొడకేసి రుద్దుతూ నిలబడ్డారు. చిన్నప్పటి నుంచీ క్రికెట్ ఆడిన చెయ్యి. బేస్‌బాల్ ఆడేవాడు చచ్చినా ఆ పని చెయ్యడు."

"అయితే నీ భూమేశే!"

"అతను రెండు అరచేతులతో తిప్పుతాడు. ఇప్పుడే చూసొచ్చాను. మీరు పోలీసు టీముకి బౌలింగ్ చేసేవారట కదా?"

ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. "నన్నే అనుమానిస్తున్నావా?"

"అందర్నీ అనుమానిస్తాను. మీరంటే కొంచెం ఇష్టంగా అనుమానిస్తాను."

* * *

జట్టు జనరల్ మేనేజర్ అనీష్ మమ్మల్ని గంటకు పైగా బయట గదిలో కూర్చోబెట్టాడు. ఈలోగా మా ఆఫీసుకు ఫోన్ చేసి భూమేశ్ కోసం బండి పంపమన్నాను. డ్రైవరు వేరే పని మీద ఉన్నాడు, రాగానే పంపిస్తామన్నారు. రావు గారు నా వైపు చూడకుండా తన లాప్‌టాప్‌లో తలదూర్చి కూర్చున్నాడు.

అనీష్ హైదరాబాద్ కుర్రాడు. హార్లన్ ఒప్పందం పూర్తిగా అతని బుర్రలో పుట్టిందే. లోపలికి పిలిచీ పిలవగానే మీద పడ్డాడు.

"మేడమ్, ఇంకెన్ని రోజులు సాగదీస్తారు? క్లియర్ యాక్సిడెంట్. సాయంత్రం వాడు సైన్ చేస్తాడు. మీరు క్లెయిమ్ పాస్ చేస్తారు. ఖలాస్!"

నేను సంచిలోంచి ఒక మ్యాచ్ బంతి తీశాను. భూమేశ్ బకెట్లోదే. మాటా పలుకూ లేకుండా రావు గారి మీదికి విసిరాను. ఆయన ఒంటిచేత్తో పట్టాడు.

మనసులో మొక్కుకున్నాను. రుద్దు, రుద్దు నాయనా, నీ రుణం తీర్చుకుంటాను!

ఆయన దాన్ని ఒకసారి అసహ్యంగా చూసి బల్ల మీద పెట్టేశాడు. అంతే. నా ఆశ అడియాసయింది.

బంతి దొర్లుకుంటూ బల్ల అంచుకు పోయింది. కింద పడబోతుంటే అనీష్ అందుకున్నాడు.

"సరే," అన్నాను నీరసంగా, "ఒక్కటి చెప్పండి. ముప్పై మూడేళ్లవాడికి ఎనిమిదేళ్లు ఎందుకిచ్చారు?"

అతనికి ఊపొచ్చింది. లేచి కిటికీ ముందు పచార్లు మొదలుపెట్టాడు.

"అందరూ ఇదే అడుగుతారు! మేడమ్, ఆఖరి ఐదేళ్లూ వేస్టని నాకూ తెలుసు. నలభై ఏళ్లవాడు ఏం విసురుతాడు? కానీ మొదటి మూడేళ్లు దుమ్ము దులిపేస్తాడు. స్టేడియం నిండుతుంది. ఆ మూడేళ్ల కోసమే ఎనిమిదేళ్లూ ఇచ్చేది. నేను మూడే అన్నాను. వేరే టీమ్ ఐదు అంది. నేను ఆరు. వాళ్లు ఏడు. నేను ఎనిమిది! తెల్లారితే చెయ్యి జారిపోయేవాడు..."

మాటలు వినడం మానేశాను. అతని కుడిచెయ్యి కిందికీ పైకీ కదులుతోంది. బంతి తొడ మీద రుద్దుకుంటోంది. మళ్లీ మళ్లీ, ఒకే పక్క. లేతరంగు ప్యాంటు మీద గోధుమరంగు మరక పడుతోంది.

రావు గారి వైపు చూశాను. ఆయనా అక్కడే చూస్తున్నాడు. మా ఇద్దరి చూపులూ కలిశాయి. ఏడాదిగా నన్ను కాల్చుకు తింటున్న ఆ మనిషి నెమ్మదిగా లాప్‌టాప్ తెరిచి, మా వైపు తిప్పాడు.

"అనీష్ బాబూ, ఒకసారి ఇటు రా. ఆ రోజు గేటు కెమెరా. హార్లన్‌ని ఆసుపత్రికి తోలాక నువ్వు బయటికి వస్తున్నావు. నీ కుడి తొడ మీద ఆ మరక చూశావా? చూసినప్పుడు టీ ఒలికిందనుకున్నాను. పోలీసు బుర్రకు తుప్పు పట్టింది."

అనీష్ తెర వంక చూశాడు. తర్వాత తన ప్యాంటు వంక చూసుకున్నాడు. తర్వాత చేతిలోని బంతిని. కాలిన వస్తువును వదిలేసినట్టు దాన్ని వదిలేశాడు.

"నేను... నేను వాడి చెయ్యి విరగ్గొట్టలేదు."

"తెలుసు. దానంతటదే తెగింది. అవునా?"

కుర్చీలో కూలబడ్డాడు. ఇంగ్లీషంతా ఎగిరిపోయి అచ్చ తెలుగు బయటికొచ్చింది.

"ఒక్క బంతి విసిరాడు మేడమ్. టప్‌మని శబ్దం. పక్కనే ఉన్న నాకు వినిపించింది. నీళ్లు తెమ్మని, అటు తిరిగి చక్రాలు తుడుస్తున్న భూమేశ్‌ని పంపేశాను. పోయింది, ఎనిమిదేళ్లూ పోయింది, ఓనరు నన్ను బతకనివ్వడు అనుకున్నాను. బకెట్లో చెయ్యి పెడితే బంతి తగిలింది. యంత్రం ఎదురుగా ఉంది. హార్లన్‌కి చెప్పాను, బంతి తగిలిందని చెప్పు, ఇద్దరం బతుకుతామని. వాడు తలూపాడు."

"భూమేశ్ జైలుకు పోతాడని తోచలేదా?"

"టికెట్ కొనిచ్చి పంపించేద్దామనుకున్నా..."

"సంతకం పెట్టినవాణ్ణి విమానం ఎక్కనిస్తారా?" నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "షట్టర్ పెట్టించుకున్నాడయ్యా వాడు, ఊళ్లో!"

అనీష్ కళ్లు తుడుచుకున్నాడు. ఉన్నట్టుండి సొరుగు లాగి, ఒక ఎక్స్‌రే ఫిల్ము తీసి నా ముందు పడేశాడు.

"కానీ నా తప్పేముంది చెప్పండి! గుడ్డిగా ఇచ్చానా? సంతకానికి ముందు రోజు చెయ్యంతా పరీక్ష చేయించారు. చూడండి, అద్దంలా ఉంది ఆ ఎముక! స్కాన్‌లోనూ ఒక్క మచ్చ లేదు. దీన్ని చూసే మీ డాక్టరు కూడా పాలసీ ఇచ్చాడు. అలాంటి చెయ్యి రెండు నెలల్లో ఎలా తెగుతుంది?"

"ఎక్కడ చేయించారు పరీక్ష?"

"అజ్మాన్‌లో. హార్లన్ ఏజెంట్ చెప్పిన సెంటర్లో. టైమ్ లేదన్నాడు. తెల్లారితే వేరే టీమ్..."

"నీళ్లలో గేదెను పెట్టి బేరమాడినట్టుంది," అన్నాడు రావు గారు. "అమ్మేవాడే డాక్టర్నీ చూపించాడు, నువ్వు కొన్నావు."

ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నాను. నిజమే, అద్దంలాంటి ఎముక. అరుగుదల ఎరగని చెయ్యి. కానీ మోచేతికి కాస్త కింద, చర్మం దగ్గర, ఆవగింజంత తెల్లచుక్క మెరుస్తోంది. లోహం.

ఫిల్మును కళ్లకు మరింత దగ్గరగా పెట్టుకున్నాను.

ఏ అమెరికన్ పిచ్చర్ అజ్మాన్ స్టీలు పనిలో గ్రైండర్ పట్టాడు?

"అనీష్! ఇది హార్లన్ చెయ్యి కాదు."

"ఏమిటి?"

"నువ్వు ఎనిమిదేళ్లు రాసిచ్చింది భూమేశ్ మోచేతిని చూసి!"

అనీష్ మొహంలో మొదటిసారి నటన లేని భయం కనిపించింది. అతనికి తెలియదు. నిజంగా తెలియదు. మోసగించానని కుమిలిపోతున్నవాడే మోసపోయాడు. ఇద్దరికీ భూమేశే కావలసి వచ్చాడు. అనీష్‌కి కావలసింది అతని సంతకం. కానీ హార్లన్ ఏజెంటుకు? ఆ చెయ్యి అసలు ఈ లోకంలో దొరక్కపోతేనే వాళ్ల ఎనిమిదేళ్లూ భద్రం.

భూమేశ్ నంబరు కొట్టాను. రెండో రింగుకే ఎత్తాడు. వెనక గాలి హోరు.

"భూమేశ్! ఎక్కడున్నావు?"

"బండ్లనే మేడం. మీ ఆఫీసు గింత దూరముంటదా? కొండలల్ల సొరంగాలు దాటవట్టినం."

మా ఆఫీసు దేరాలో. దారిలో కొండలూ లేవు, సొరంగాలూ లేవు.

"ఖోర్ ఫక్కాన్ రోడ్డు," అన్నాడు రావు గారు. బల్ల మీది కారు తాళాలు అప్పటికే ఆయన చేతిలో ఉన్నాయి. "పోర్టు వైపు."

"భూమేశ్, జాగ్రత్తగా విను. ఆ మధ్య నిన్ను అజ్మాన్‌లో మెడికల్ అని ఎక్కడికైనా తీసుకుపోయారా?"

"అవ్ మేడం. వీసా మెడికల్ అన్నరు. గుండె జూడలే, కండ్లు జూడలే. గీ కుడి చెయ్యి ఒక్కటే మిషన్ల వెట్టిన్రు. తౌసీఫ్ భాయే తోలుకపోయిండు."

"ఇప్పుడు బండి నడుపుతున్నదెవరు?"

"గాయనే." అతని గొంతులో చిన్న నవ్వు, నన్ను సంతోషపెట్టాలని. "మీరు జెప్పినట్టే జేసిన మేడం. చాముండేశ్వరి మేడం పంపిందని మీ పేరు జెప్పిండు. గందుకే ఎక్కిన."

అవతల ఎవరో హిందీలో ఫోన్ ఇటివ్వమన్నారు. లైను తెగిపోయింది.